ఎయిర్ రైఫిల్‌కు తక్కువ ధరలో రెడ్ డాట్ సైట్ ఎంచుకోవడం ఎలా?

నల్లగొండలో గానీ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు గానీ ఎయిర్ రైఫిల్ కొన్నవాళ్లు నెల తిరగకముందే ఒకటే అడుగుతారు: "అన్నా, రెండు మూడు వేలల్ల మంచి రెడ్ డాట్ ఏదుంది?" ఒక పేరు చెప్పేస్తే అయిపోయే ప్రశ్న కాదిది. ఒకరి రైఫిల్ మీద ఏళ్లు నిలిచిన సైట్ ఇంకొకరి రైఫిల్ మీద వారంలో పాడవుతుంది. మీ రైఫిల్‌కు ఏది సరిపోతుందో మీరే తేల్చుకునేలా మొత్తం వరుసగా రాస్తున్నాను.

నేను ఒక్క గుణానికే డబ్బు పెట్టమంటాను. ఈరోజు కుదిర్చిన గురి రేపు, ఎల్లుండి, వంద పెల్లెట్లు కాల్చాక కూడా అక్కడే ఉండాలి. చుక్క ఎంత మెరుస్తోంది, ఎన్ని రంగులు మారుస్తోంది అన్నవి ఆ తర్వాత చూద్దాం.

ముందు తెలుసుకోవాల్సినవి

రెడ్ డాట్ అంటే రైఫిల్ మీద బిగించి గురి చూసే సాధనం, లేజర్ కాదు. చాలామంది కాగితం మీద ఎర్రచుక్క పడుతుందనుకుని కొంటారు, పడకపోతే సైట్ పాడైందని తిప్పి పంపుతారు. రెడ్ డాట్ లోపల చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. దాని వెలుగు పూత పూసిన అద్దం మీద పడి మీ కంటికే తిరిగొస్తుంది. కాగితం మీద ఏ చుక్కా పడదు. అద్దంలోంచి చూసినప్పుడు మాత్రం చుక్క దూరాన, గురి మీదే నిలబడ్డట్టు ఉంటుంది. నలభై దాటినవాళ్లకు దీనితో వచ్చే సుఖం ఇదే. మామూలు సైట్‌లో వెనుక గాడి, ముందు ములుకు, దూరపు గురి మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడాలి. వయసు మీదపడ్డ కంటికి అది కుదరదు. రెడ్ డాట్‌తో గురిని చూస్తే చాలు.

పోటీల్లో ఆడాలనుకునే పిల్లలకు మాత్రం ఇది కొనివ్వకండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో రెడ్ డాట్‌ను అనుమతించరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది పీప్ సైట్‌తోనే, అంటే వెనుక సన్నటి రంధ్రంలోంచి చూసి గురిపెట్టే సైట్‌తోనే. పిల్లల్లో ఆ ఆశ ఉంటే మొదటి రోజు నుంచే పీప్ సైట్ అలవాటు చేయండి.

చట్టం సంగతి. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 బోరు (బ్యారెల్ లోపలి రంధ్రం వెడల్పు), అంటే 4.5 మిల్లీమీటర్లు, 20 జూల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. అంతకంటే పెద్ద బోరు గానీ, ఎక్కువ శక్తి గానీ ఉంటే లైసెన్స్ కావాలి.

"కోతుల కోసం కొంటున్న", "పత్తి చేన్ల అడవిపందులు పడుతున్నయి" అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే, వద్దు. మీ నష్టం నాకు తెలుసు, మా బత్తాయి తోటలో నేనూ చూశాను. కానీ 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ తగిలిన పంది చావదు. గాయంతో పరుగెత్తి, ఎక్కడో పొదలో కుళ్లి కుళ్లి పోతుంది. నెమళ్లకు, కుందేళ్లకు, ఇంకా ఎన్నో జంతువులకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు వాళ్లయితే పులుల అభయారణ్యంలోకి ఎయిర్ గన్ పట్టుకుని అడుగు కూడా పెట్టకండి. ఇక్కడ రాసేదంతా కాగితం మీద గురి కోసమే.

కావలసినవి

- మీ రైఫిల్, దానితో వచ్చిన చిన్న పుస్తకం
- మిల్లీమీటర్ల స్కేలు, ఉంటే వెర్నియర్
- సైట్‌తో వచ్చే అలెన్ కీ (ఆ మెత్తటి కీ అరిగిపోతుంది, ఇంకొకటి కొని పెట్టుకోండి)
- గోళ్ల రంగు, చిన్న సీసా
- ఇసుక నింపిన రెండు సంచులు
- ఒకే కంపెనీ, ఒకే రకం పెల్లెట్ల డబ్బా
- గురి కాగితాలు, ఓ పదిహేను
- కొత్త బ్యాటరీ ఒకటి అదనంగా
- కళ్లకు రక్షణ అద్దాలు

కాగితం వెనుక ఏముందో రెండుసార్లు చూసుకోండి. మన దగ్గర ఎటు చూసినా గుట్టలే. గ్రానైట్ బండను వెనుక పెట్టుకుని కాల్చడం నేను చాలాచోట్ల చూశాను. బండకు తగిలిన పెల్లెట్ తిరిగి మీ ముఖం మీదికే రావచ్చు. మెత్తటి మట్టిగట్టు ముందు, లేదా పాత బట్టలు గట్టిగా కుక్కిన చెక్కపెట్టె ముందు కాగితం పెట్టండి. గట్టు వెనుక బాట గానీ, పశువులు మేసే చోటు గానీ ఉండకూడదు. గురి తప్పిన పెల్లెట్ రెండు వందల మీటర్లు దాటి పోగలదు.

1. మీ రైఫిల్ ఏ రకమో చూడండి

ఎక్కువమంది పొరపాటు పడేది ఈ అడుగులోనే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

బ్యారెల్ విరిచి లోడ్ చేసేది స్ప్రింగ్ రైఫిల్. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివరికి వెళ్లి ఆగగానే రైఫిల్ ఒక్కసారి ముందుకు గుంజుతుంది. ఇలా ఒక్క దెబ్బలో రెండు కుదుపులు, ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు. అసలు తుపాకీల మీద వాడే సైట్లు వెనక్కి తన్నే దెబ్బను తట్టుకునేలా తయారవుతాయి. ముందుకు గుంజే దెబ్బ వాటికి అలవాటు లేదు. "పెద్ద రైఫిల్‌కే పనికొస్తుంది, ఎయిర్ గన్ ఎంత" అనే మాటను నమ్మకండి. చవక సైట్‌లో ఎల్‌ఈడీ అతుకు, బ్యాటరీ స్ప్రింగ్, సర్దుబాటు మరలు మొదట దెబ్బతినేది ఈ ముందు కుదుపుకే.

నాది అలాగే పోయింది. ఆన్‌లైన్‌లో పద్దెనిమిది వందలకు ఒకటి తెప్పించుకున్నాను. మొదటి రోజు అద్భుతంగా ఉంది. దాదాపు అరవై పెల్లెట్లు కాల్చాక, దెబ్బ పడ్డప్పుడల్లా చుక్క ఒక్క క్షణం ఆరిపోయి వెలగసాగింది. మూడో రోజు కాల్చగానే ఆరిపోయింది, అరచేత్తో తడితే వెలిగింది. తిప్పి పంపే గడువు అప్పటికే దాటింది. అమ్మినతను ఫోన్ ఎత్తలేదు.

మీది స్ప్రింగ్ రైఫిల్ అయితే సైట్ వివరాల్లో ఎయిర్ గన్‌కు పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉందా చూడండి. రాయకపోతే అమ్మేవాళ్లను అడిగి, రాతపూర్వకంగా, కనీసం మెసేజ్‌లోనైనా జవాబు తీసుకోండి. గాలి ముందే నింపుకునే పీసీపీ రైఫిల్ అయితే కుదుపు నామమాత్రం. చవక సైట్ కూడా దాని మీద హాయిగా బతుకుతుంది. లైసెన్స్ ఉన్న .22 రైఫిల్‌కూ పెద్ద ఇబ్బంది ఉండదు.

2. పైన ఉన్న గాడిని కొలవండి

రైఫిల్ పైభాగంలో సైట్ బిగించే గాడి రెండు రకాలు. ఎయిర్ రైఫిళ్లకు సాధారణంగా ఉండేది 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్, పొడుగునా రెండు సన్నటి గాళ్లు. రెండోది పికాటిన్నీ, సుమారు 20 మిల్లీమీటర్ల వెడల్పుతో, నిచ్చెన మెట్లలా అడ్డగాళ్లతో ఉంటుంది. ఎక్కువ రెడ్ డాట్లు ఈ రెండోదాని కోసమే వస్తాయి. కొలవకుండా ఆర్డర్ పెడితే సైట్ వస్తుంది, రైఫిల్ మీద కూర్చోదు.

రెండూ కలవకపోతే మధ్యలో అడాప్టర్ వాడొచ్చు. కానీ అతుకు పెరిగిన కొద్దీ వదులయ్యే చోట్లు పెరుగుతాయి. నేరుగా 11 మిల్లీమీటర్ల మౌంట్‌తో (సైట్‌ను గాడికి పట్టి ఉంచే బిగింపుతో) వచ్చే సైట్ దొరికితే వంద, రెండొందలు ఎక్కువైనా అదే తీసుకోండి.

రైఫిల్ గాడి వెనుక భాగంలో చిన్న రంధ్రం ఉందేమో కూడా చూడండి. ఉంటే అడుగున పిన్ను ఉన్న మౌంట్ కొనండి. ఆ పిన్ను రంధ్రంలో దిగితే మౌంట్ జారదు. దేవరకొండ నుంచి ఒక తమ్ముడు "సైట్ రోజూ గురి మారుతుంది" అని రైఫిల్ తెచ్చాడు. మౌంట్ తీసి చూస్తే దాని ముందు గాడి మీద నల్లరంగు లేచిపోయి, మూడు మిల్లీమీటర్ల తెల్లటి గీత కనబడింది. దెబ్బదెబ్బకూ మౌంట్ కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతోందన్నమాట. సైట్‌లో ఏ లోపమూ లేదు. పిన్ను ఉన్న మౌంట్ వేశాక అదే సైట్ నిలిచింది.

3. చుక్క సైజు ఎంచుకోండి

చుక్క సైజును ఎం.ఓ.ఏ. (మినిట్ ఆఫ్ యాంగిల్) అనే కోణపు కొలతలో చెబుతారు. 1 ఎం.ఓ.ఏ. అంటే 100 మీటర్ల దూరంలో సుమారు 29 మిల్లీమీటర్లు, 10 మీటర్లలో 2.9 మిల్లీమీటర్లు. అంటే 3 ఎం.ఓ.ఏ. చుక్క 10 మీటర్ల కాగితం మీద దాదాపు 9 మిల్లీమీటర్ల మేర కప్పేస్తుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాగితంలో 9 పాయింట్ల వలయం వ్యాసమే 5.5 మిల్లీమీటర్లు. నడిమి పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. రెడ్ డాట్ చుక్క కింద అవన్నీ మాయమవుతాయి. పదికి పది కొట్టాలన్న పట్టుదల ఉంటే రెడ్ డాట్ మీకు సరిపోదు.

2 లేదా 3 ఎం.ఓ.ఏ. తీసుకోండి. 5, 6 ఉన్నవి ఎండలో తొందరగా కనబడతాయి గానీ 20 మీటర్లలో చిన్న గురిని పూర్తిగా మూసేస్తాయి. డబ్బా మీద సైజు రాయని సైట్‌ను పక్కన పెట్టండి.

4. కొనేముందు మీ కన్ను పరీక్షించుకోండి

దుకాణంలోనైనా, స్నేహితుడి సైట్‌తోనైనా ఒకసారి చూడండి. చుక్క గుండ్రంగా కాకుండా తోకచుక్కలా, నక్షత్రంలా, రెండు చుక్కలు అతుక్కున్నట్టు కనబడితే వెంటనే సైట్‌ను తప్పుపట్టకండి. సైట్‌ను కంటి ముందు మెల్లగా పావు వంతు తిప్పండి. ఆ తోక సైట్‌తోపాటు తిరిగితే లోపం సైట్‌ది. సైట్ తిరిగినా తోక ఉన్నచోటే ఉంటే మీ కంట్లో ఆస్టిగ్మాటిజం, అంటే కంటి వంపులో తేడా ఉంది. ఇంకో పద్ధతి, ఫోన్ కెమెరాతో సైట్‌లోంచి ఫొటో తీయండి. ఫొటోలో చుక్క శుభ్రంగా ఉంటే సైట్ బాగున్నట్టే.

అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని చూడండి, వెలుగు రెండు మెట్లు తగ్గించండి. అయినా కుదరకపోతే ఎన్ని సైట్లు మార్చినా అదే కనబడుతుంది. కంటి డాక్టర్‌ను కలవండి, లేదా చివర్లో చెప్పిన ప్రత్యామ్నాయాలు చూడండి.

5. వెలుగు, బ్యాటరీ, ఎండ

దుకాణం లోపల ఏ సైట్ అయినా ధగధగలాడుతుంది. బయటికి తెచ్చి, మధ్యాహ్నం ఎండలో తెల్లటి గోడ మీదికి చూడండి. అత్యధిక వెలుగులో కూడా చుక్క వెతుక్కోవాల్సి వస్తే మన నల్లగొండ ఎండలకు అది పనికిరాదు. తక్కువ మెట్టులో చుక్క సన్నగా, అంచులు చెదరకుండా ఉండాలి.

సీఆర్ 2032 బ్యాటరీ పడేది తీసుకోండి, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. మూత చేత్తోనో నాణెంతోనో తిరగాలి, దాని లోపల రబ్బరు వాషర్ ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులుంటే గొప్ప అనుకోకండి. అదనపు రంగుల కోసం పెట్టిన ఖర్చు మరల నాణ్యతలోంచే తగ్గుతుందని నా అనుభవం.

ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు రైఫిల్‌ను మూసిన కారులో వదిలేయకండి. జిగురు మెత్తబడి అద్దం కదులుతుంది, బ్యాటరీ కారుతుంది.

పైన మూత లేని చిన్న అద్దం రకం కంటే గొట్టం రకం మేలు. దుమ్ము ఎల్‌ఈడీ మీద పడదు, దెబ్బ తగిలినా తట్టుకుంటుంది.

6. ధర, నకిలీలు

ఈ రకం సైట్‌ను మొదట మార్కెట్లోకి తెచ్చిన స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్, 1975లో. దాని అసలు సరుకు పదుల వేల రూపాయలు. అదే పేరు ముద్రించి పదిహేను వందలకు ఇస్తున్నారంటే అది బొమ్మ తుపాకీల కోసం చేసిన నకలు. అసలు పేరు లేకుండా తన పేరుతో అమ్ముడయ్యే చవక సైట్ ఆ నకలు కంటే నయం. కనీసం దాని వెనుక ఒక కంపెనీ ఉంటుంది.

పోల్చుకోవడానికి బుష్‌నెల్ టీఆర్‌ఎస్-25 వివరాలు చూడండి. 3 ఎం.ఓ.ఏ. చుక్క, సీఆర్ 2032 బ్యాటరీ, 11 వెలుగు మెట్లు. సిగ్ రోమియో 5 అయితే 2 ఎం.ఓ.ఏ., కదిలిస్తే దానంతట అదే వెలుగుతుంది. వీటికీ నకళ్లు ఉన్నాయి. మీరు చూస్తున్న చవక సైట్ ఈ ప్రాథమిక వివరాలు కూడా చెప్పలేకపోతే వదిలేయండి.

డబ్బు తక్కువైతే సైట్‌లో కొంత తగ్గించుకోండి, మౌంట్‌లో తగ్గించుకోకండి.

7. బిగించడం

రైఫిల్‌లో పెల్లెట్ లేదని, స్ప్రింగ్ ఎక్కి లేదని చూసుకోండి. గాడిలో నూనె ఉంటుంది. పొడిబట్టకు కొంచెం స్పిరిట్ అద్ది గాడినీ, మౌంట్ అడుగునూ తుడవండి. నూనె ఉంటే ఎంత బిగించినా జారుతుంది.

మౌంట్ పెట్టి, పిన్ను రంధ్రంలో దించి, స్క్రూలు ఒకటి తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా బిగించండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే మౌంట్ వంకరగా కూర్చుంటుంది. అలెన్ కీ పొట్టి వైపు పట్టుకుని చేతి బలంతోనే తిప్పండి. పైపు తగిలించి బలం పెడితే అల్యూమినియం మర కోసుకుపోతుంది.

చివర్లో స్క్రూ తల మీదుగా మౌంట్ మీదికి గోళ్ల రంగుతో సన్నటి గీత గీయండి. మౌంట్ వెనుక అంచు దగ్గర గాడి మీద ఇంకో గీత. ఏది కదిలినా గీత విరిగి కనబడుతుంది.

8. గురి కుదర్చడం

10 మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. సంచి మీద మీ అరచేయి పెట్టి, అరచేతిలో రైఫిల్‌ను వదులుగా ఆనించండి. స్ప్రింగ్ రైఫిల్‌ను నేరుగా బల్ల మీదో, గట్టి సంచి మీదో పెడితే ప్రతిసారీ వేరేలా ఎగురుతుంది, పెల్లెట్లు చెదురుతాయి. చాలామంది సైట్‌ను తిట్టేది ఇక్కడే.

5 పెల్లెట్లు కాల్చండి, ఒక్కో పెల్లెట్‌కూ సైట్ తిప్పకండి. ఐదింటి గుంపు నడిమి చోటు గుర్తించండి. ఉదాహరణకు గుంపు 29 మిల్లీమీటర్లు కిందికి, 20 మిల్లీమీటర్లు కుడికి పడిందనుకుందాం. సర్దుబాటు మర టక్కుమని తిరిగే ఒక్కో మెట్టే క్లిక్. మీ సైట్ ఒక్కో క్లిక్ 1 ఎం.ఓ.ఏ. అయితే 10 మీటర్లలో ఒక క్లిక్‌కు 2.9 మిల్లీమీటర్లు. అంటే పైకి 10 క్లిక్‌లు, ఎడమకు 7 క్లిక్‌లు. అర ఎం.ఓ.ఏ. క్లిక్ అయితే రెట్టింపు. మర మీద బాణం గుర్తు పెల్లెట్ ఎటు వెళ్లాలో చెబుతుంది.

మళ్లీ 5 కాల్చి చూడండి. 10 మీటర్లలో కుదిరాక 20 మీటర్లకు వెళ్లి సర్దండి. సైట్ బ్యారెల్ కంటే నాలుగు సెంటీమీటర్లు పైన ఉంటుంది కాబట్టి రెండు దూరాల్లో గురి ఒకేచోట ఉండదు. మీరు ఎక్కువగా ఏ దూరంలో కాలుస్తారో అక్కడే ఖాయం చేసుకోండి.

మర పైకి చివరిదాకా తిప్పినా గుంపు కిందే పడుతుంటే బ్యారెల్ కొద్దిగా వంగి ఉందని అర్థం, విరిచే రైఫిళ్లలో మామూలే. కూల్‌డ్రింక్ డబ్బా రేకులోంచి సన్నటి ముక్క కోసి, మౌంట్ వెనుక భాగం కింద పెట్టి బిగించండి. అంచులు చేతికి కోసుకుంటాయి, జాగ్రత్త.

9. తిప్పి పంపే గడువు లోపల ఈ మూడు పరీక్షలు

పెట్టె పరీక్ష: గురి కుదిరాక 3 కాల్చండి. 10 క్లిక్‌లు పైకి తిప్పి 3, అక్కడి నుంచి 10 కుడికి తిప్పి 3, 10 కిందికి తిప్పి 3, 10 ఎడమకు తిప్పి 3. అంతసేపూ గురి అదే చోట పెట్టాలి. కాగితం మీద చతురస్రం రావాలి, చివరి మూడు మొదటి మూడింటి మీద పడాలి. పడకపోతే మరలు సరిగా పనిచేయట్లేదు.

తల కదిపే పరీక్ష: ఖాళీ రైఫిల్‌ను సంచుల మధ్య కదలకుండా పెట్టి, చుక్క కాగితం నడిమిన ఉండేలా చూడండి. రైఫిల్‌ను ముట్టకుండా తల అటూ ఇటూ కదపండి. 10 మీటర్లలో చుక్క ఏడెనిమిది మిల్లీమీటర్లు జరగడం సహజం. 30 మిల్లీమీటర్ల నల్లటి వృత్తం దాటి పోతే ఆ సైట్ వద్దు. తల కదిపితే చుక్క జరగడాన్నే పారలాక్స్ అంటారు. "పారలాక్స్ లేదు" అని డబ్బా మీద రాసినా దగ్గరి దూరంలో ఎంతోకొంత ఉంటుంది, అందుకే చుక్కను ఎప్పుడూ అద్దం మధ్యలోనే ఉంచి కాల్చండి.

వంద పెల్లెట్ల పరీక్ష: రెండు మూడు రోజుల్లో వంద కాల్చండి. ప్రతి ఇరవైకి ఒకసారి గోళ్ల రంగు గీతలు చూడండి, చుక్క ఆరి వెలుగుతోందా గమనించండి. మొదటి ఐదింటి కాగితం దాచి ఉంచి, చివరి ఐదింటి కాగితాన్ని దాని మీద పెట్టి వెలుతురులో చూడండి. రెండు గుంపులూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే మీ డబ్బు వృథా కాలేదు.

కుదరకపోతే

గుంపులు చెదిరితే సైట్ తీసేసి, రైఫిల్‌తో వచ్చిన మామూలు సైట్‌తో అదే దూరంలో కాల్చి చూడండి. అప్పుడూ చెదిరితే తప్పు రైఫిల్‌ది, పెల్లెట్‌ది, లేదా పట్టుకునే తీరుది. పెల్లెట్ రకం మార్చి చూడడం అన్నిటికంటే చవక వైద్యం.

చుక్క కంటికి పడనివాళ్లకు పీప్ సైట్ మంచి దారి. బ్యాటరీ అక్కర్లేదు, కుదుపుకు చెడదు. 25 మీటర్లు దాటి కాల్చేవాళ్లకు ఎయిర్ గన్ కోసం చేసిన 4x32 స్కోప్ (గురిని నాలుగు రెట్లు పెద్దగా చూపే దుర్బిణి) రెడ్ డాట్ కంటే ఎక్కువ ఉపయోగం, కాకపోతే అది స్ప్రింగ్ కుదుపును తట్టుకునేదే కావాలి.

కాల్చడం అయ్యాక సీసం పెల్లెట్లు పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి. సైట్ ఆపి, వారం పైగా వాడకపోతే బ్యాటరీ తీసి వేరుగా పెట్టండి. వానాకాలంలో అద్దం లోపల మంచులా పడితే బ్యాటరీ మూత తీసి, బియ్యం డబ్బాలో ఒక రాత్రి ఉంచి చూడండి. మళ్లీ మళ్లీ పడుతుంటే లోపలి సీలు పోయినట్టే.